ఏపీ స్కోరు తగ్గితే కాలేజీ దరఖాస్తులో ఏం రాయాలి?

అమెరికాలో హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠం చదివి, మే నెలలో కాలేజ్ బోర్డ్ పెట్టే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) పరీక్ష రాస్తే 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. ఫలితాలు జూలైలో వస్తాయి, దరఖాస్తులు ఆగస్టులో తెరుచుకుంటాయి. మధ్యలో ఉన్న ఆ కొద్ది వారాల్లోనే పిల్లలూ తల్లిదండ్రులూ కంగారుపడి తప్పటడుగులు వేస్తున్నారు. ఈసారి అందిన ప్రశ్నల్లో ఎక్కువ మందికి పనికొచ్చేవి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి పదకొండో తరగతిలో ఏపీ కెమిస్ట్రీ తీసుకున్నాడు. క్లాసులో రెండు సెమిస్టర్లూ ఏ గ్రేడే. పరీక్షలో మాత్రం 2 వచ్చింది. ఈ ఫాల్‌లో కెమికల్ ఇంజనీరింగ్‌కి అప్లై చేయాలి. స్కోరు రద్దు చేయించుకోవచ్చని విన్నాం. వెంటనే చేయించేయమంటారా?
— ఒక తండ్రి, టెక్సస్

జవాబు: వద్దండి. ముందు ఆ 2 ఎక్కడుందో, ఎవరికి కనిపిస్తుందో చూసుకోండి. ప్రస్తుతానికి అది కాలేజ్ బోర్డ్ దగ్గర మీ అబ్బాయి ఖాతాలోనూ, అతని స్కూలు దగ్గరా మాత్రమే ఉంది. మీరు పంపకుండా ఏ కాలేజీకీ దానంతటది వెళ్లదు. చాలా కాలేజీలు దరఖాస్తు సమయంలో అధికారిక స్కోరు రిపోర్టు అడగవు. విద్యార్థి తనంతట తాను దరఖాస్తులో రాసిందే చూస్తాయి. చేరతానని ఖాయం చేసుకున్న కాలేజీ మాత్రం క్రెడిట్ (ఆ కోర్సు కాలేజీలో చదివినట్టే లెక్క) ఇవ్వడానికి అధికారిక రిపోర్టు తెప్పించుకుంటుంది. అప్పటికి ప్రవేశం సంగతి తేలిపోయి ఉంటుంది.

మీరు వెంటనే చూడాల్సింది స్కూలు ట్రాన్స్‌క్రిప్టు (కోర్సులు, గ్రేడ్ల పత్రం). కొన్ని హైస్కూళ్లు ఏపీ స్కోర్లను కూడా అందులో అచ్చు వేస్తాయి. అలా వేస్తే మీరు దరఖాస్తులో దాచినా అది కాలేజీకి చేరిపోతుంది. స్కూలు తెరిచిన మొదటి వారంలోనే కౌన్సిలర్‌ని ఒక్క మాట అడగండి: "మన ట్రాన్స్‌క్రిప్టు మీద ఏపీ పరీక్ష స్కోర్లు వస్తాయా? వస్తే తీసేయమని రాసిచ్చే వీలుందా?" చాలా చోట్ల రావు. వచ్చే చోట కొన్ని స్కూళ్లు తల్లిదండ్రుల సంతకంతో తొలగిస్తాయి. ఈ ఒక్క పని చేయకుండా మిగతావి ఎన్ని చేసినా దండగ.

ఇక రద్దు విషయం. కాలేజ్ బోర్డ్‌లో రెండు వేర్వేరు సదుపాయాలున్నాయి. రెండూ ఒకటే అనుకుని చాలామంది పొరబడతారు. 'క్యాన్సిల్' అంటే ఆ స్కోరును శాశ్వతంగా చెరిపేయడం. దానికి రుసుము లేదు, కానీ పరీక్షకు కట్టిన డబ్బు తిరిగి రాదు, చెరిపిన స్కోరు మళ్లీ ఎప్పటికీ రాదు. 'విత్‌హోల్డ్' అంటే ఫలానా కాలేజీకి పంపే రిపోర్టులో ఫలానా స్కోరు కనిపించకుండా ఆపడం. ఒక్కో స్కోరుకు, ఒక్కో కాలేజీకి 10 డాలర్లు. తర్వాత మనసు మారితే సంతకం చేసిన ఉత్తరంతో విడుదల చేయించుకోవచ్చు. రెండింటికీ విద్యార్థి సంతకంతో ఫారం పంపాలి. పరీక్ష పేరు, రాసిన సంవత్సరం, ఆపాల్సిన కాలేజీ పేరు, దాని కోడ్ సరిగ్గా నింపాలి. వీటిలో ఒకటి తప్పినా పని ఆగుతుంది, గడువు దాటుతుంది.

మీ అబ్బాయికి ఈ రెండింటిలో ఏదీ అక్కర్లేదు. దరఖాస్తులో ఆ స్కోరు రాయకపోతే చాలు. టెక్సస్‌లో 2015లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా 3 స్కోరుకే మొదటి స్థాయి కోర్సుల క్రెడిట్ ఇస్తాయి. 2కి క్రెడిట్ లేదు, పంపినా ఒరిగేదేమీ లేదు.

ఒక మాట మాత్రం పట్టించుకోండి. క్లాసులో ఏ, పరీక్షలో 2 అంటే ఎక్కడో దారి తప్పింది. ఏపీ కెమిస్ట్రీలో 60 బహుళైచ్ఛిక ప్రశ్నలకు సగం వెయిటేజీ. మిగతా సగం ఏడు రాత ప్రశ్నలది. వాటిలో మూడు పెద్దవి పదేసి పాయింట్లవి, నాలుగు చిన్నవి నాలుగేసి పాయింట్లవి, మొత్తానికి 105 నిమిషాలు. క్లాసు పరీక్షల్లో ఒక్కో చాప్టర్ విడిగా వస్తుంది. ఇక్కడ ఒకే పెద్ద ప్రశ్నలో ఈక్విలిబ్రియం, థర్మోడైనమిక్స్ కలిసి వస్తాయి. "ఎందుకో వివరించండి" అన్నచోట లెక్క చేసి జవాబు రాసి వదిలేస్తే పాయింటు పోతుంది. కెమికల్ ఇంజనీరింగ్ చదవబోయే పిల్లవాడికి ఇదే పునాది. క్రెడిట్ రాలేదని బాధపడకండి. కాలేజీలో జనరల్ కెమిస్ట్రీ మొదటి నుంచీ చదివితే అతనికే మేలు.

ప్రశ్న: నేను రైజింగ్ సీనియర్‌ని (పన్నెండో తరగతిలోకి వెళ్తున్నాను). కాలేజీలో కంప్యూటర్ సైన్స్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకోవాలని ఉంది. నా స్కోర్లు: యూఎస్ హిస్టరీ 5, ఇంగ్లిష్ లాంగ్వేజ్ 4, కంప్యూటర్ సైన్స్ ఏ 3, ఫిజిక్స్ వన్ 3, కాల్క్యులస్ బీసీ 2. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు కలిపి ఉన్న ఆన్‌లైన్ దరఖాస్తు) అన్నీ రాయాలా? కొన్నే రాస్తే అబద్ధం చెప్పినట్టా?
— ఒక విద్యార్థిని, న్యూజెర్సీ

జవాబు: కొన్నే రాస్తే అబద్ధం కాదమ్మా. కామన్ యాప్‌లో టెస్టింగ్ విభాగం తెరవగానే "స్కోర్లు మీరే తెలియజేయదలచుకున్నారా" అని అడుగుతుంది. అవునంటే ఏ రకం పరీక్షలో ఎంచుకోమంటుంది. ఏపీ ఎంచుకున్నాక నువ్వు తెలియజేయదలచుకున్న పరీక్షలు ఎన్నో అడుగుతుంది. రాసిన పరీక్షలన్నీ ఎన్ని అని కాదు. ఆ సంఖ్య ఎంత వేస్తే అన్ని గడులు తెరుచుకుంటాయి. ఒక్కో గడిలో సబ్జెక్టు, తేదీ, స్కోరు. అయితే రాసిన అంకె మాత్రం అక్షరాలా నిజం కావాలి. 3ని 4గా రాస్తే, చేరాక వచ్చే అధికారిక రిపోర్టుతో పట్టుబడతావు. అప్పుడు సీటే పోవచ్చు.

ఇప్పుడు నీ ఐదు స్కోర్లూ విడివిడిగా చూద్దాం. 5, 4 ఎక్కడైనా రాయి. అసలు తల పట్టుకోవాల్సింది 3ల దగ్గర. 3 అంటే కాలేజ్ బోర్డ్ మాటల్లో 'అర్హత ఉంది' అని. చెడ్డ స్కోరు కాదు. కానీ ఏ సబ్జెక్టులో, ఏ మేజర్‌కి, ఏ కాలేజీకి అన్నదాన్ని బట్టి దాని బరువు మారుతుంది. కంప్యూటర్ సైన్స్ మేజర్ అడుగుతూ కంప్యూటర్ సైన్స్ ఏలో 3 చూపితే, గట్టి పోటీ ఉన్న చోట అది నీ దరఖాస్తుకు బలం ఇవ్వదు, అక్కడ వదిలేయి. ఫిజిక్స్ వన్ మాట వేరు. 2024 వరకు చాలా ఏళ్లలో ఆ పరీక్ష రాసినవాళ్లలో సగం మందికి కూడా 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రాలేదు. ఆ సంగతి దరఖాస్తులు చదివేవాళ్లకు తెలుసు. అదే బీసీలో అయితే ఇటీవలి సంవత్సరాల్లో పదిమందిలో నలుగురికి పైగా 5 వచ్చింది. కాబట్టి అన్ని 3లూ ఒకటి కాదు.

ఏ కాలేజీకి ఏది రాయాలో తేల్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది. ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో ఏపీ క్రెడిట్ పట్టిక తీయి. నీ సబ్జెక్టు ఎదురుగా 3కి క్రెడిట్ ఇస్తామని ఉంటే 3 రాయడానికి వెనుకాడకు. 4 కావాలి, 5 కావాలి అని ఉంటే ఆ కాలేజీ కొలత అదన్నమాట, 3 రాయకు. ఎంఐటీలో కాల్క్యులస్ క్రెడిట్‌కి బీసీలో 5 ఉండాలి. కాల్‌టెక్ ఏపీలకు అసలు క్రెడిటే ఇవ్వదు. చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాలు 3కే ఇస్తాయి. ఇంకోటి, కామన్ యాప్‌లో ఒక కాలేజీకి పంపేశాక కూడా తర్వాతి కాలేజీకి పంపే ముందు టెస్టింగ్ విభాగం మార్చుకోవచ్చు. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి నాలుగు స్కోర్లు, గట్టి పోటీ ఉన్న చోటికి రెండు స్కోర్లు పంపడం తప్పు కాదు. ఏది ఎవరికి పంపావో కాగితం మీద రాసి పెట్టుకో. పంపిన ప్రతిసారీ పీడీఎఫ్ దాచుకో.

బీసీ 2 గురించి దిగులు పడేముందు స్కోరు రిపోర్టు మళ్లీ తెరిచి చూడు. బీసీ రాసిన వాళ్లకు 'ఏబీ సబ్‌స్కోరు' అని ఇంకో అంకె వస్తుంది. బీసీ పరీక్షలో సుమారు 60 శాతం, దానికి ముందు స్థాయి అయిన కాల్క్యులస్ ఏబీ పాఠాలే. ఆ భాగంలో నువ్వెలా చేశావో ఆ అంకె చెబుతుంది. మొత్తం 2 వచ్చినా ఏబీ సబ్‌స్కోరు 3 ఉండొచ్చు, అప్పుడప్పుడు 4 కూడా. సిరీస్, పారామెట్రిక్, పోలార్ పాఠాలు ఏప్రిల్ చివర్లో పరుగులు పెట్టించిన క్లాసుల్లో ఇది మామూలే. చాలా కాలేజీలు ఏబీ సబ్‌స్కోరును ఏబీ పరీక్ష స్కోరులాగే లెక్కేసి క్రెడిట్ ఇస్తాయి. దరఖాస్తులో అక్కర్లేదు కానీ, చేరాక రిపోర్టు పంపేటప్పుడు ఇది నీకు ఒక సెమిస్టర్ మిగల్చవచ్చు. తొందరపడి బీసీ స్కోరును క్యాన్సిల్ చేస్తే ఆ సబ్‌స్కోరు కూడా దానితోపాటే పోతుంది.

మరి క్లాసు ట్రాన్స్‌క్రిప్టులో ఉండి స్కోరు లేకపోతే అనుమానించరా అంటావేమో. ఒకటి రెండు లేకపోతే ఎవరూ వేలెత్తి చూపరు. ఒక్కో పరీక్షకు దాదాపు వంద డాలర్లు, కట్టలేక రాయనివాళ్లున్నారు. క్లాసు తీసుకుని పరీక్ష మానేయనిచ్చే స్కూళ్లూ ఉన్నాయి. ఎనిమిది ఏపీ క్లాసులు తీసుకుని ఒక్క స్కోరూ రాయకపోతే మాత్రం చదివేవాళ్లకు అర్థమవుతుంది. నీకు ఆ ఇబ్బంది లేదు.

ప్రశ్న: మా అమ్మాయి మార్చిలో ఉచితంగా స్కోర్లు పంపే చోట తనకిష్టమైన యూనివర్సిటీ పేరు పెట్టేసింది. ఇప్పుడు ఒక సబ్జెక్టులో 1 వచ్చింది. ఆపగలమా?
— ఒక తల్లి, ఇల్లినాయి

జవాబు: ఈ ఏటి ఉచిత రిపోర్టును ఇక ఆపలేమండి. ప్రతి ఏడాదీ ఒక కాలేజీకి ఉచితంగా పంపుకోవచ్చు. పేరు పెట్టడానికీ, మార్చడానికీ గడువు జూన్ 20. అందులోంచి ఒక స్కోరు తీసేయించాలంటే విత్‌హోల్డ్ లేదా క్యాన్సిల్ ఫారం జూన్ 15 లోపు చేరాలి. స్కోర్లు వచ్చేది జూలైలో. అంటే ఏమొచ్చిందో తెలియకముందే నిర్ణయించుకోవాలి. దీన్ని గమనించక ఏటా ఎంతోమంది ఇలాగే ఇరుక్కుంటారు. పైగా ఆ రిపోర్టులో ఈ ఏటి స్కోర్లే కాదు, తొమ్మిదో తరగతి నుంచి రాసినవన్నీ వెళ్తాయి.

జరిగినదానికి బెంగ అక్కర్లేదు. దరఖాస్తే రాకముందు చేరిన స్కోరు రిపోర్టు చాలా చోట్ల ఓ మూల పడి ఉంటుంది. తర్వాత దరఖాస్తుతో జతపడినా, 1 ఒక్కటే సీటు పోగొట్టదు. క్లాసు గ్రేడు దానికి ముందు కనిపిస్తుంది. తమ్ముడో చెల్లెలో వెనకాల ఉంటే ఇది గుర్తుంచుకోండి. పదకొండో తరగతి దాకా ఆ గడి ఖాళీగా వదిలేయాలి. పన్నెండులో, చేరబోయే కాలేజీ ఖాయమయ్యాక, దాని పేరు పెట్టాలి. అప్పుడు ఉచితమూ దక్కుతుంది, మాటా ఉండదు.

ప్రశ్న: ఎస్‌ఏటీ (కాలేజీ ప్రవేశానికి రాసే పరీక్ష) సరిగ్గా రాలేదు. యేల్ యూనివర్సిటీ ఎస్‌ఏటీ బదులు ఏపీ స్కోర్లు ఇవ్వొచ్చంటోంది కదా. మా బాబుకి నాలుగు 5లు, ఒక 2 ఉన్నాయి. 2 వదిలేసి నాలుగు చూపొచ్చా?
— ఒక తండ్రి, కాలిఫోర్నియా

జవాబు: అక్కడ కుదరదండి. యేల్ 2024లో ఈ వీలు ప్రకటించినప్పుడే షరతు పెట్టింది. ఎస్‌ఏటీ గానీ, అలాంటిదే అయిన ఏసీటీ గానీ ఇవ్వకుండా ఏపీలు చూపదలిస్తే, దరఖాస్తు నాటికి రాసిన ఏపీలన్నిటి ఫలితాలూ చెప్పాలి. ఇందాక విద్యార్థినికి చెప్పిన 'నచ్చినవి రాసుకో' సూత్రం ఇక్కడ చెల్లదు. ఏపీలు అదనపు బలంగా చూపే చోట ఎంపిక మీది. తప్పనిసరి పరీక్షకు బదులుగా చూపే చోట నియమం కాలేజీది. ప్రతి కాలేజీ పరీక్షల పేజీలో 'అన్నీ' అన్న మాట ఉందేమో వెతకండి.

అయినా నాలుగు 5ల పక్కన ఒక 2 ఉన్నంత మాత్రాన దరఖాస్తు కూలిపోదు. ఆ 2 ఏ తరగతిలో వచ్చిందో చూడండి. పదో తరగతిలో వచ్చి, తర్వాతవన్నీ 5లైతే పిల్లవాడు ఎదిగాడని ఆ తేదీలే చెబుతాయి. బాబు అడగబోయే మేజర్‌లోనే 2 వచ్చి ఉంటే మాత్రం ఎస్‌ఏటీ ఇంకోసారి రాయించడం మంచిది.

మీరు కాలిఫోర్నియాలో ఉన్నారు కాబట్టి మరో మాట. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు ఎస్‌ఏటీ, ఏసీటీ స్కోర్లను ప్రవేశానికి చూడవు, ఏపీలను చూస్తాయి. 3 నుంచి క్రెడిట్ ఇస్తాయి. 3 కంటే తక్కువ వస్తే ప్రవేశానికి చేటు ఉండదని యూసీయే చెబుతోంది. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లాంటి బ్రిటన్ విశ్వవిద్యాలయాల లెక్క పూర్తిగా వేరు. అక్కడ ఏపీల్లో 5లే ప్రవేశ అర్హత. యూకాస్ (బ్రిటన్ విశ్వవిద్యాలయాల ఉమ్మడి) దరఖాస్తులో చదివిన అర్హతలన్నీ చూపాలి.

ప్రశ్న: పరీక్ష ముందురోజు రాత్రి మా అమ్మాయికి తీవ్రంగా జ్వరం. అలాగే వెళ్లి రాసింది, 2 వచ్చింది. ఈ సంగతి దరఖాస్తులో వివరించమంటారా?
— ఒక తల్లి, జార్జియా

జవాబు: ఆ 2 దరఖాస్తులోగానీ ట్రాన్స్‌క్రిప్టులోగానీ లేకపోతే, దాని గురించి ఒక్క అక్షరం కూడా రాయనివ్వకండి. ఎవరూ చూడని స్కోరును మీరే చూపించినట్టవుతుంది. తప్పక కనిపించే చోటైతేనే రాయాలి. అది కూడా రెండు మూడు వాక్యాల్లో. 2025–26 నుంచి కామన్ యాప్‌లో అదనపు సమాచారానికి 300 పదాలే ఇస్తున్నారు, అంతకుముందు 650 ఉండేవి. ఉన్న చోటును ఒక్క పరీక్షకే ఖర్చు పెట్టకూడదు.

"జ్వరం వల్ల నా అసలు ప్రతిభ కనిపించలేదు, నేను 5కి అర్హురాలిని" అని రాస్తే అది అర్జీలా ఉంటుంది. "మే 6న 102 డిగ్రీల జ్వరంతో బయాలజీ పరీక్ష రాశాను. ఆ క్లాసులో ఏడాదంతా ఏ గ్రేడు ఉంది. ఈ సంవత్సరం అనాటమీ చదువుతున్నాను" అంటే విషయం తెలిసిపోతుంది. తేదీ ఉంది, కారణం ఉంది, తర్వాత ఏం చేస్తోందో ఉంది. చదివేవాళ్లు అక్కడితో ముందుకు వెళ్లిపోతారు. దీనికన్నా మంచి దారి కౌన్సిలర్ తన ఉత్తరంలో ఆ సంగతి ఒక వాక్యంలో రాయడం. విద్యార్థి చెప్పుకుంటే సాకులా వినిపించేది, స్కూలు చెబితే సమాచారంలా వినిపిస్తుంది. సెప్టెంబర్‌లోనే ఆ మాట కౌన్సిలర్ చెవిన వేయండి, అక్టోబర్‌లో వాళ్లకు ఊపిరాడదు.

ఇకముందు ఇలా జరిగితే జ్వరంతో రాయనివ్వకండి. పరీక్ష మొదలవకముందే స్కూలు ఏపీ కోఆర్డినేటర్‌కి చెబితే మే చివర్లో జరిగే లేట్ టెస్టింగ్‌లో రాయొచ్చు. ఒకసారి పేపర్ తెరిచి కూర్చున్నాక ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది.

ప్రశ్న: నేను పన్నెండో తరగతి. సీటు వచ్చింది, డిపాజిట్ కట్టేశాం. మేలో రాయాల్సిన మూడు ఏపీల్లో తక్కువ వస్తే సీటు వెనక్కి తీసుకుంటారా? పోయినేడు 2 వచ్చిన ఫిజిక్స్ మళ్లీ రాయాలా?
— ఒక విద్యార్థి, వర్జీనియా

జవాబు: అమెరికన్ కాలేజీలు సాధారణంగా సీటు ఇచ్చేటప్పుడు షరతు పెట్టేది నీ చివరి సెమిస్టర్ క్లాసు గ్రేడ్ల మీద, ఏపీ స్కోర్ల మీద కాదు. ఏపీ క్లాసులో సీ, డీ గ్రేడ్లకు దిగజారితే హెచ్చరిక ఉత్తరం రావచ్చు, ఏపీ పరీక్షలో 2 వస్తే రాదు. సీటు పత్రంలో షరతుల పేరా ఒకసారి చదువుకో.

మళ్లీ రాయడం క్రెడిట్ కోసమైతేనే. దరఖాస్తుకు ఇక అది పనికిరాదు. పరీక్ష ఏడాదికి ఒక్కసారే ఉంటుంది. మళ్లీ రాస్తే పాతదీ కొత్తదీ రెండూ రిపోర్టులో ఉంటాయి. చేరబోయే కాలేజీ క్రెడిట్ పట్టికలో నీ మేజర్‌కి ఆ ఫిజిక్స్ పనికొస్తుందో లేదో ముందు చూడు. ఇంజనీరింగ్‌కి సాధారణంగా కాల్క్యులస్‌తో కూడిన ఫిజిక్స్ కావాలి. ఫిజిక్స్ వన్‌లో 5 తెచ్చుకున్నా చాలా ఇంజనీరింగ్ డిగ్రీల్లో ఆ కోర్సు మాఫీ కాదు. వైద్య విద్య వైపు వెళ్లేవాళ్లూ ఇదే గమనించాలి. సైన్స్ కోర్సులను కాలేజీలోనే చదవాలని కోరే మెడికల్ స్కూళ్లు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు ఏపీ క్రెడిట్ దొరికినా వాడుకోలేరు.

రాయకూడదనుకుంటే ఊరికే మానేయకు. నవంబర్ మధ్యలోనే స్కూలు నీ పేరున పరీక్ష ఆర్డర్ చేసి ఉంటుంది. రాయకపోతే 40 డాలర్ల రుసుము పడుతుంది. ఆ మూడింటిలో ఏ ఒక్కటైనా క్రెడిట్ తెస్తుందంటే దాని మీదే ఏప్రిల్ అంతా పెట్టు. అది కాల్క్యులస్ ఏబీ అయితే, ఆరు రాత ప్రశ్నలకు తొమ్మిదేసి పాయింట్లు, మొత్తం 54. అవి పరీక్షలో సగం. రెండు ప్రశ్నలు ముట్టుకోకుండా వదిలేస్తే మొత్తం పరీక్షలో ఆరో వంతు అక్కడే పోతుంది. మొదటి రెంటికి కాల్క్యులేటర్‌తో 30 నిమిషాలు, మిగతా నాలుగింటికి కాల్క్యులేటర్ లేకుండా 60 నిమిషాలు. అంటే ప్రశ్నకు పదిహేను. గడియారం పెట్టుకుని పాత ప్రశ్నలు ఆరూ ఒకే ఊపులో రాసి చూడు. జవాబు తెలియకపోయినా సమీకరణం రాసిపెట్టినందుకు, సరైన యూనిట్ వేసినందుకు కూడా పాయింటు ఇచ్చే ప్రశ్నలుంటాయి. ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకు.